సర్దుబాటు రిజిస్టరులో ఎవరి పేరు?

కూసుమంచి లాంటి మండల కేంద్రంలో, ఉన్నత పాఠశాలలో ఒక టీచరు సెలవు పెడితే మొదటి గంట కొట్టకముందే ఒక సంగతి తేలాలి: ఆయన పీరియడ్లు ఎవరు తీసుకోవాలి? హెడ్మాస్టరు సర్దుబాటు రిజిస్టరు తెరిచి, ఆ గంటలో లీజరున్న, అంటే తరగతి లేని వాళ్ల పేర్లు రాస్తారు. ఆ పుస్తకం గది గదికీ తిరిగి సంతకాలతో వెనక్కి వస్తుంది. నెల గడిచాక పేజీలు తిరగేస్తే, ఎదురు చెప్పలేని ఇద్దరు ముగ్గురు జూనియర్ల పేర్లే మళ్లీ మళ్లీ కనిపించాయనుకోండి. ఆ బడిలో ‘మనమంతా ఒక కుటుంబం’ అని ఎన్ని స్టాఫ్ మీటింగుల్లో చెప్పినా ఎవరి చెవికీ ఎక్కదు. నాయకత్వం మీద వచ్చిన పుస్తకాలు మన హెడ్మాస్టర్లకు నిజంగా అక్కరకొచ్చేది ఇలాంటి పేజీ దగ్గరేనని నా నమ్మకం.

ఆంథొనీ బ్రైక్, బార్బరా ష్నైడర్ అనే పరిశోధకులు 1990ల్లో షికాగో ప్రభుత్వ ప్రాథమిక బడులను ఏళ్ల తరబడి గమనించి, 2002లో ‘ట్రస్ట్ ఇన్ స్కూల్స్’ అనే పుస్తకం రాశారు. 1994 నాటికి పరస్పర విశ్వాసం గట్టిగా ఉన్న బడుల్లో రెండింటికి ఒకటి చొప్పున 1997కల్లా చదువులో మెరుగుపడ్డాయి. విశ్వాసం బాగా సన్నగిల్లిన చోట ఏడింటికి ఒకటే. బాగుపడుతున్న బడిలో నమ్మకం దానంతటదే పెరుగుతుంది కదా, ఏది ముందు అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. అయితే నమ్మకాన్ని వాళ్లు విడదీసి చూపిన తీరు మనకు పనికొస్తుంది: ఎదుటివాళ్ల మాట వినే గౌరవం, సాటి మనిషి కష్టసుఖాల పట్టింపు, పని చేతనవడం, అన్నమాట మీద నిలబడడం. మన టీచర్లు ఇష్టంగా చదువుకున్న ‘రైలుబడి’ పుస్తకంలో హెడ్మాస్టరు కొబయాషి కొత్తగా చేరవచ్చిన చిన్నపిల్ల కబుర్లు నాలుగు గంటలసేపు విన్నాడు. అందులో నాలుగో వంతు ఓపిక స్టాఫ్ రూముకు దక్కినా చాలు. ఎందుకంటే నమ్మకం లేనిచోట మొదట దాక్కునేది పొరపాటే. అమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు ఆసుపత్రుల్లో మందుల పొరపాట్లను పరిశీలిస్తే, మంచి జట్లలోనే అవి ఎక్కువగా నమోదయ్యాయి. అక్కడ జంకకుండా చెప్పుకోగలగడమే కారణమని ఆమె తేల్చారు. ఎనిమిదో తరగతిలో సగంమందికి భాగహారం రాదని లెక్కల టీచరు మీటింగులో చెప్పగలిగితేనే దానికో దారి దొరుకుతుంది. చెబితే మాట పడాల్సి వస్తుందనిపిస్తే, ఎఫ్ఏ పరీక్షల మార్కులు నింపి పైకి పంపేస్తారు.

నమ్మకమే ముఖ్యమన్న ఈ వాదనకు బలమైన ఆక్షేపణ మన నేల మీది అధ్యయనం నుంచే వస్తుంది. 2005 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లె ప్రాథమిక బడుల్లో, పిల్లలు మెరుగైతే టీచర్లకు బోనస్ ఇచ్చి కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ పరీక్షించారు. మార్కులు పెరిగాయి. పైగా రెండో ఏడాదికి, బడి మొత్తానికి కలిపి ఇచ్చినచోట కన్నా ఒక్కొక్కరికి విడిగా ఇచ్చినచోటే ఫలితం మెరుగ్గా వచ్చింది. దీన్ని తోసిపుచ్చలేం, కష్టానికి గుర్తింపు ఉండాలి. కానీ అవి చిన్న ప్రాథమిక బడులు. ఉన్నత పాఠశాలలో ఒకే పిల్లవాడు ఆరేడుగురి చేతుల మీదుగా పదో తరగతికి చేరతాడు. తెలుగు సరిగా చదవలేనివాడు సాంఘికశాస్త్రంలోనూ తప్పుతాడు. ఆ తప్పు ఎవరి ఖాతాలో రాస్తారు? తెలంగాణలో 2025లో టీచర్లకు వచ్చిన ముఖ గుర్తింపు హాజరు సంగతీ అంతే. మనిషి బడికి వచ్చాడా లేదా అన్నది అది చెబుతుంది, అది అవసరమే. పక్క టీచరుతో కూర్చుని ఆ పిల్లవాడి గురించి మాట్లాడాడా అన్నది దానికి అందదు.

ఇక హెడ్మాస్టరు చేతిలో ఏముంది, నియామకాలు బదిలీలు అన్నీ పైవాళ్లవే కదా అంటారు. బదిలీల నిబంధన ప్రకారం గెజిటెడ్ హెడ్మాస్టరు ఒకేచోట ఉండేది గరిష్ఠంగా 5 ఏళ్లు, టీచరు 8 ఏళ్లు. మంచితనం మీదే నడిచిన బడి ఆ మంచి మనిషి బదిలీతో చెదిరిపోతుంది, నిజమే. అందుకే నమ్మకం పద్ధతిలో కుదురుకోవాలి. టైంటేబుల్, పరీక్షల డ్యూటీలు, ఎవరి లీజరు ఎన్నిసార్లు పోయిందన్న లెక్క, ఇవన్నీ హెడ్మాస్టరు చేతిలోవే. నెలాఖరున ఆ లెక్క అందరి ముందూ పెట్టి, వచ్చే నెల వంతుల్లో తన పేరూ కలిపి రాసుకోవడానికి పై నుంచి ఏ ఉత్తర్వూ అక్కర్లేదు. ఆయన వెళ్లిపోయే రోజున, బీరువా తాళాలతో పాటు ఆ రిజిస్టరు కూడా కొత్తగా వచ్చినవారికి చార్జిలో అందుతుంది.