చేతికి వచ్చిన పనికి గుర్తింపు



నాచారంలో మేము నడిపే చదువు కేంద్రానికి ఒక అక్క వస్తుంది. సాయంత్రం ఆరు గంటలకు వస్తుంది. ఏడున్నరకు లేచి రాత్రి డ్యూటీకి పోతుంది. ఉప్పల్‌లో ఒక ఇంట్లో మంచం పట్టిన పెద్దావిడను చూసుకుంటుంది. పదకొండేళ్ళుగా ఆమె పని ఇదే. ఇళ్ళు మారాయి. పని మారలేదు.

ఒక రోజు అక్క పుస్తకం తెరవలేదు. తల వంచుకుని కూర్చుంది.

"ఏమైంది అక్కా?" అని అడిగాను.

"దవాఖానల పని ఉందంటే పోయిన టీచరమ్మా. సర్టిఫికెట్ ఉన్నదా అన్నరు. లేదన్న. అయితే ఊడ్చే పనికి రా అన్నరు. నా వెంట వచ్చిన పిల్లకు కోర్సు కాగితం ఉన్నది. ఆ పిల్లకు పని ఇచ్చిన్రు. పేషెంటును పక్కకు తిప్పుడు ఆ పిల్లకు నేర్పిందే నేను."

కేంద్రంలో ఎవరూ మాట్లాడలేదు. అక్కే మళ్ళీ అడిగింది.

"పదకొండేండ్లు చేసిన పని లెక్కకు రాదా?"

ఆ ప్రశ్నకు జవాబు వెతికాం. మాకు తెలిసింది మీకూ చెబుతున్నాను.

మనకు ఏమి వచ్చు?

"నాకేం వచ్చు? కడుగుడు, తినిపిచ్చుడు. అంతే గదా!" అంది అక్క. మేము ఒక్కొక్క పనీ అడిగి బోర్డు మీద రాశాం.

కదలలేని మనిషిని రెండు గంటలకు ఒకసారి పక్కకు తిప్పాలి. ఎందుకు? ఒకేచోట బరువు పడితే అక్కడికి రక్తం సరిగా అందదు. చర్మం దెబ్బతిని పుండు పడుతుంది. అక్క గడియారం చూసి తిప్పుతుంది.

పక్షవాతం వచ్చిన మనిషికి జాకెట్టు తొడగాలి. పడిపోయిన చెయ్యి ముందు ఎక్కించాలి. విప్పేటప్పుడు బాగున్న చెయ్యి ముందు తీయాలి. అప్పుడు నొప్పి పుట్టదు. భుజం లాగదు. అక్క రోజూ ఇలాగే చేస్తుంది.

తినిపించేటప్పుడు కూర్చోబెట్టాలి. పడుకోబెట్టి తినిపిస్తే పొలమారుతుంది. మెతుకులు, నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు. తిన్నాక కూడా అరగంట కూర్చోబెట్టే ఉంచాలి. ఇదీ అక్కకు తెలుసు.

మూతి ఒక పక్కకు వంకరపోయినా, ఒక చెయ్యి లేవకపోయినా, మాట తడబడినా ఆగకూడదు. అది పక్షవాతం కావచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఈ 108 అంబులెన్సు 2005 ఆగస్టు 15న మన హైదరాబాదులోనే మొదలయింది. అక్క ఒకసారి ఇలాగే గుర్తుపట్టి ఇంటివాళ్ళను నిద్ర లేపింది.

బోర్డు నిండిపోయింది. ఇవన్నీ కోర్సులో నేర్పే పాఠాలే. అక్క వీటిని తరగతిలో కూర్చుని నేర్చుకోలేదు. మంచం పక్కన నిలబడి నేర్చుకుంది.

ఈ పని ఇప్పుడు ఎందుకు పెరిగింది?

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో 60 ఏళ్ళు దాటినవారు సుమారు 10 కోట్ల 38 లక్షల మంది. మన చుట్టూ చూడండి. నాచారంలో ఫ్యాక్టరీలు ఉన్నాయి, ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి ఉంది. ఉప్పల్‌కు 2017 నవంబరులో మెట్రో రైలు వచ్చింది. కొడుకూ కోడలూ పొద్దున్నే పనికి పోతారు. కొందరి పిల్లలు పై దేశాల్లో ఉంటారు. ఇంట్లో పెద్దవాళ్ళు ఒక్కరే మిగులుతారు. వాళ్ళకు తోడు కావాలి. ఆ తోడుగా పోయేది మనలాంటి ఆడవాళ్ళే.

ఆర్.పి.ఎల్. అంటే ఏమిటి?

ప్రభుత్వం వారి పథకాలలో ఒక పద్ధతి ఉంది. దానిని ఆర్.పి.ఎల్. అంటారు. 'రికగ్నిషన్ ఆఫ్ ప్రయర్ లెర్నింగ్' అనే మాటలకు అది పొట్టి పేరు. ముందే నేర్చుకున్న పనికి గుర్తింపు అని దాని అర్థం.

పని ఎక్కడ నేర్చుకున్నావని ఇందులో అడగరు. పని వచ్చా రాదా అని చూస్తారు. వస్తే సర్టిఫికెట్ ఇస్తారు. మళ్ళీ నెలల తరబడి కోర్సు చదవనక్కరలేదు.

2015లో ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన మొదలయింది. అందులో ఈ పద్ధతిని పెట్టారు. తాపీ పని, కుట్టు పని, రోగులను చూసుకునే పని, ఇలా ఎన్నో పనులు ఇందులోకి వస్తాయి. మన పనికి హోమ్ హెల్త్ ఎయిడ్, జనరల్ డ్యూటీ అసిస్టెంట్ అనే పేర్లున్నాయి. మందులు, కట్లు లేకుండా పెద్దవాళ్ళకు తోడుండే పనికి వేరే సర్టిఫికెట్ ఉంది.

వేరే దేశాల్లో కూడా ఇలాంటిది ఉంది. ఫ్రాన్సు దేశంలో 2002లో ఇందుకు చట్టమే చేశారు. అనుభవం చూపించి డిప్లొమా తెచ్చుకోవచ్చు. రోగులను చూసుకునే ఆడవాళ్ళు అక్కడ ఈ దారిని బాగా వాడుకున్నారు.

ఎలా జరుగుతుంది?

మొదట పేరు రాయించుకోవాలి. ఆధార్ కార్డు, బ్యాంకు పాసు పుస్తకం, ఫోటో, ఫోన్ నంబరు కావాలి. ఆధార్‌లో, బ్యాంకులో పేరు ఒకేలా ఉండాలి. తేడా ఉంటే ముందే సరిచేయించుకోండి.

తరువాత మీతో మాట్లాడతారు. ఎన్నేళ్ళు చేశారు, ఏమేమి చేశారు అని అడుగుతారు.

తరువాత కొద్ది గంటలు తరగతి ఉంటుంది. 2016 నుంచి 2020 వరకు నడిచిన విడతలో ఇది కనీసం 12 గంటలు. పనిలో తెలియనివి చెబుతారు. పరీక్ష ఎలా ఉంటుందో చెబుతారు.

ఆఖరున పరీక్ష. పరీక్ష పెట్టే మనిషి వేరు, నేర్పిన మనిషి వేరు. కొన్ని ప్రశ్నలు అడుగుతారు. కొన్ని పనులు చేసి చూపించమంటారు. బొమ్మను గాని, మనిషిని గాని మంచం మీద పడుకోబెట్టి పక్కకు తిప్పమంటారు. చేతులు కడిగి చూపించమంటారు. సబ్బుతో 40 నుంచి 60 సెకన్లు కడగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. వేళ్ళ సందులు, గోళ్ళు, బొటనవేలు మరచిపోకూడదు.

ఈ క్యాంపులు ఒక్కోసారి బస్తీల దగ్గర పెడతారు. ఒక్కోసారి పనిచేసే ఆసుపత్రిలోనే పెడతారు. 2022లో మొదలైన నాలుగో విడతలో ఆర్.పి.ఎల్.కు వయసు 18 నుంచి 59 ఏళ్ళు. విడత మారితే షరతులు మారతాయి. అందుకే చేరేముందు అడిగి తెలుసుకోండి. మీ మహిళా సంఘం ఆర్.పి. అక్కను అడగండి. స్కిల్ ఇండియా సెంటరులో అడగండి. స్కిల్ ఇండియా డిజిటల్ హబ్ అనే ప్రభుత్వ యాప్ ఉంది. ఇంట్లో పిల్లల చేత అందులో చూపించుకోండి.

అనుభవం ఉన్నా తప్పు ఉండవచ్చు

మా కేంద్రానికి ఒక నర్సమ్మను పిలిచాం. అక్క తన పని అంతా చేసి చూపించింది. నర్సమ్మ మెచ్చుకుంది. ఒక్క చోట మాత్రం ఆపింది.

"వీపు ఎర్రబడితే ఏం చేస్తావు?" అని అడిగింది.

"నూనె పెట్టి గట్టిగ రుద్దుత" అంది అక్క.

"రుద్దకమ్మా. అక్కడ చర్మం అప్పటికే దెబ్బతిని ఉంటుంది. రుద్దితే ఇంకా చెడిపోతుంది. ఆ పక్క మీద బరువు పడకుండా చూడు. ఇంటివాళ్ళకు చెప్పు."

అక్క చాలాసేపు ఆలోచించింది. "ఇన్నేండ్లు మంచిదనుకునే చేసిన" అంది. ఆమె గొంతు వణికింది.

అందులో సిగ్గుపడవలసింది లేదు. ఎవరూ చెప్పలేదు, తెలియలేదు. పరీక్ష వల్ల ఇది కూడా ఒక లాభమే. వచ్చినదానికి గుర్తింపు దొరుకుతుంది. రానిది బయటపడుతుంది.

చదువు తక్కువ ఉంటే?

కొన్ని సర్టిఫికెట్లకు 8వ తరగతో 10వ తరగతో అడుగుతారు. కొన్నిటికి తక్కువ చదువు చాలు. ఏ పనికి ఎంత చదువు కావాలో ముందే అడగండి.

చదువు చాలకపోతే దారి మూసుకుపోలేదు. జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ఉంది. అక్కడ పెద్దవాళ్ళు 3వ తరగతి, 5వ తరగతి, 8వ తరగతికి సమానమైన పరీక్షలు రాయవచ్చు. 10వ తరగతి కూడా రాయవచ్చు. అన్ని సబ్జెక్టులూ ఒకేసారి పాస్ కానక్కరలేదు. అయిదేళ్ళ గడువు ఉంటుంది. మన తెలంగాణకు సార్వత్రిక విద్యాపీఠం ఉంది. అక్కడ తెలుగులోనే 10వ తరగతి రాయవచ్చు.

దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు విన్నారా? ఆమె 1909లో రాజమండ్రిలో పుట్టింది. చిన్నప్పుడు బడి మానేసింది. తరువాత సొంతంగా చదువుకుని బెనారస్ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్ష పాసయింది. తనలాగే చదువు ఆగిపోయిన ఆడవాళ్ళ చేత పరీక్షలు రాయించింది. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టింది. 1958లో పెద్ద వయసు ఆడవాళ్ళ కోసం కేంద్ర సంఘ సంక్షేమ బోర్డు తక్కువ కాలపు చదువులు మొదలుపెట్టింది. ఆ బోర్డుకు మొదటి అధ్యక్షురాలు ఆమే. ఉప్పల్ నుంచి తార్నాక మీదుగా విద్యానగర్ పోతే అక్కడ ఆమె పేరున ఆసుపత్రి ఉంది.

మోసపోకండి

మా కేంద్రంలో ఇంకో చెల్లెలికి ఇలా జరిగింది. ఒకాయన వచ్చి రెండు వేలు కడితే సర్టిఫికెట్ ఇంటికే వస్తుందన్నాడు. పరీక్ష లేదన్నాడు. రంగుల కాగితం వచ్చింది. దాని మీద నంబరు లేదు. ఎక్కడా పనికి రాలేదు. రెండు వేలూ పోయాయి.

మూడు మాటలు గుర్తు పెట్టుకోండి. పరీక్ష లేకుండా ఇచ్చే కాగితం నమ్మకండి. ప్రభుత్వ పథకం కింద ఆర్.పి.ఎల్.కు మన దగ్గర ఫీజు తీసుకోరు. నిజమైన సర్టిఫికెట్ మీద నంబరు, ఫోన్‌తో చూస్తే తెరుచుకునే గళ్ళ గుర్తు ఉంటాయి.

కాగితం ఏం చేస్తుంది?

ఉన్నమాట చెప్పుకుందాం. సర్టిఫికెట్ వచ్చిన మరునాడే జీతం పెరుగుతుందని ఎవరూ రాసివ్వరు. అయితే ఊడ్చే పనికి రా అన్నవాళ్ళ ముందు పెట్టడానికి ఒక కాగితం ఉంటుంది. "నాకు ఈ పని వచ్చు, ఈ కూలి కావాలి" అని అడగడానికి బలం ఉంటుంది.

ఇంకో మాట. ఈ సర్టిఫికెట్‌తో మనం నర్సులం అయిపోము. నర్సు కావాలంటే ఏళ్ళ చదువు చదవాలి, నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదు కావాలి. జి.ఎన్.ఎం. చదువే మూడేళ్ళు. కాబట్టి ఇంజెక్షన్ వెయ్యమని, సెలైన్ పెట్టమని ఇంటివాళ్ళు అంటే "అది నా పని కాదమ్మా, నర్సును పిలవండి" అని చెప్పండి. ఏదైనా జరిగితే నింద మన మీదకే వస్తుంది.

ఈ రోజే మొదలుపెట్టండి

ఒక నోటుబుక్కు తీసుకోండి. ఏ ఏడాది ఏ ఇంట్లో చేశారో రాయండి. పేషెంటుకు ఏం జబ్బో రాయండి. మీరు ఏం చేసేవారో రాయండి. పని మానేటప్పుడు ఆ ఇంటివాళ్ళ చేత రెండు ముక్కలు రాయించుకుని సంతకం పెట్టించుకోండి. జీతం బ్యాంకులో వేయమని అడగండి. అది కూడా రుజువే.

మా అక్క నోటుబుక్కు మొదలుపెట్టింది. మొదటి పేజీకి మూడు రోజులు పట్టింది. ఒత్తులు తప్పుగా రాసి, కొట్టేసి, మళ్ళీ రాసింది. ఇప్పుడు నాలుగు ఇళ్ళ పని అందులో ఉంది. సంఘం ఆర్.పి. అక్కకు పేరు కూడా ఇచ్చింది. క్యాంపు కోసం చూస్తోంది.

నిన్న ఆ పుస్తకం నా ముందు పెట్టి, "గింత పని చేసిన్నా టీచరమ్మా!" అంది.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. మీరు ఇంట్లో గాని, బయట గాని ఎవరికి సేవ చేశారు? అందులో ఏమి నేర్చుకున్నారు?

2. కదలలేని మనిషిని రెండు గంటలకు ఒకసారి ఎందుకు తిప్పాలి?

3. పరీక్ష లేకుండా సర్టిఫికెట్ ఇస్తామంటే మీరు ఏమంటారు?

4. మీరు చేసిన పని గురించి అయిదు వాక్యాలు రాయండి. మీ పక్కన కూర్చున్న అక్కకు చదివి వినిపించండి.