గిటార్ గొంతు మార్చే అయస్కాంతం

దోహా క్యాంపుల్లో ఇప్పుడు ఎలక్ట్రిక్ గిటార్లూ కనిపిస్తున్నాయి. దేశం వెళ్ళిపోయేవాళ్ళు తక్కువకు ఇచ్చేస్తే మనవాళ్ళు కొనుక్కుంటున్నారు. మా గదిలో జగిత్యాల తమ్ముడు కొన్నదాని శబ్దం మాత్రం మహా కరుకు, రేకు మీద గీకినట్టుండేది. పికప్‌లు మార్చమన్నాడు దుకాణంవాడు. ఆ ధర పెడితే ఆ నెల ఇంటికి పంపే డబ్బులో కోత పడుతుంది. అందుకే మేము లోపలి అయస్కాంతం ఒక్కటే మార్చాం.

తీగల కింద ఉండేదే పికప్. అయస్కాంతం, వెంట్రుకంత సన్నని రాగి తీగ చుట్ట, అంతే. పైన ఉక్కు తీగ ఊగితే చుట్టలో కరెంటు పుడుతుంది. మాది రెండు చుట్టల రకం, హంబకర్ అంటారు. 1955లో గిబ్సన్ కంపెనీ ఇంజనీరు సెత్ లవర్ దీనికి పేటెంట్ దరఖాస్తు పెట్టారు. కరెంటు వల్ల వచ్చే గుయ్యిమనే మోతను రెండు చుట్టలూ కలిసి కొట్టేస్తాయి. వాటి అడుగున పట్టీలాంటి అయస్కాంతం ఒకటుంటుంది.

మాదాంట్లో ఉన్నది సిరామిక్. పదునుగా, గట్టిగా పలుకుతుంది. దాని స్థానంలో ఆల్నికో 2 పెట్టాం. అల్యూమినియం, నికెల్, కోబాల్ట్, ఇనుము కలిసిన లోహమిది. 2 మెత్తగా పలుకుతుంది, 5 అయితే ఇంకాస్త చురుకు. మన మెలోడీ పాటలకు 2 నయమని మా లెక్క.

తీగలు వదులు చేసి పికప్ బయటికి తీశాం. అడుగు పలకకున్న నాలుగు స్క్రూలు తీసేయకుండా వదులు చేస్తే పట్టీ పక్కకు జారి వస్తుంది. సోల్డరింగ్ పనే లేదు. పైన లోహపు మూత ఉన్న రకమైతే మాత్రం మూత టంకం ఊడదీయాలి, అది రిపేరువాడికి వదిలేయండి. కొలత కూడా ముందే చూసుకోవాలి, కొన్ని సిరామిక్ పట్టీలు ఆల్నికోవాటి కన్నా మందం.

అసలు జాగ్రత్త దిక్కు దగ్గర. పాతది తీసేముందు స్క్రూల వరుస వైపు అంచుకు మార్కర్‌తో గుర్తు పెట్టండి. ఆ అంచు దిక్సూచి ముల్లు ఏ కొసను లాగుతుందో చూడండి. కొత్తదాంట్లో అదే కొసను లాగే అంచు అటువైపే రావాలి. తిరగేసి పెడితే పికప్ పాడవదు గానీ, రెండు పికప్‌లూ కలిపి వాయిస్తే గొంతు నొక్కినట్టు పీలగా వస్తుంది. రెండు అయస్కాంతాలనూ ఎదురెదురుగా నొక్కి చూడొద్దు, ఆల్నికో బలం తగ్గిపోతుంది.

కరుకు చాలావరకు తగ్గింది. నాసిరకం గిటార్ మేలురకం అయిపోదు, అది వేరే సంగతి. అసలు డబ్బు పెట్టేముందు స్క్రూడ్రైవర్‌తో పికప్‌ను కొంచెం కిందికి దించి వినండి, దానికి పైసా ఖర్చు లేదు.

ఒంటి చుట్ట పికప్‌లలో కొన్నిటికి రాగి తీగను నేరుగా అయస్కాంతపు కడ్డీల చుట్టూ చుడతారు. వాటి కడ్డీలు తోస్తే తీగ తెగుతుంది, ముట్టుకోవద్దు. ఇంకోటి, సైటు నుంచి వచ్చిన బట్టలతో ఈ పనికి కూర్చోకండి. కడ్డీలు కోసిన గ్రైండింగ్ పొడి అయస్కాంతానికి పట్టిందంటే వదిలించడం మా వల్ల కూడా కాలేదు.