కంచె చేను మేయు జ్వరము

భీమవరమున 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీని జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారిని స్మరించునపుడు మనవారు ఖద్దరు దాల్చి ఆంగ్లాచార్యుని యాగ్రహమునకు గుఱియైన కథ చెప్పుకొని, ఆరియోమైసినును పేర్కొని, అంతటితో తృప్తి నొందుచుందురు. ఆయన పర్యవేక్షణమున లెడర్లీ ప్రయోగశాలలో, ఫోలికామ్లమునకు ప్రతిద్వంద్విగా రూపొందిన మెథోట్రెక్సేటు నేడు ఎట్టి పసిబిడ్డల వెన్నులోనికి సూదిద్వారా ఎక్కింపబడుచున్నదో తెలిసినవారు అరుదు. ఆ బిడ్డల వ్యాధిని గూర్చి వ్రాయ సంకల్పించితిమి.

దాని పేరు హీమోఫాగోసైటిక్ లింఫోహిస్టియోసైటోసిస్. పలుకుట కష్టము గనుక వైద్యులు హెచ్.ఎల్.హెచ్. అందురు. నెలల బిడ్డకు జ్వరము వచ్చును, తగ్గదు. ప్లీహము, కాలేయము పెరిగి పొట్ట ఉబ్బును. రక్తకణములు క్షీణించును. మన ప్రాంతమున దీనిని టైఫాయిడనియో, డెంగీయనియో తలచుట సహజమే. అందుకు వైద్యుని నిందింపరాదు. బిడ్డ పోయినచో బాలారిష్టమని పెద్దలు కన్నీరు తుడుచుకొందురు. ఎడింబరోలో ఫార్క్వర్, క్లెయిరో అను వైద్యులు 1952లో ఒకే కుటుంబపు బిడ్డలలో దీనిని వర్ణించిరి.

కారణము విచిత్రమైనది. మన రక్తమున శత్రువును చంపుటకే నియుక్తములైన ఘాతక కణములు కలవు. వానిలో చిన్న తిత్తులు, తిత్తులలో పర్ఫోరిను అను పదార్థము ఉండును. సూక్ష్మజీవి సోకిన కణమును తాకగానే తిత్తి విచ్చి, పర్ఫోరిను ఆ కణమునకు రంధ్రములు పొడుచును. ఆ దారిని విషద్రవ్యములు చొచ్చి కణము నశించును. కొందఱు బిడ్డలలో పర్ఫోరిను జన్యువే చెడినదని 1999లో తెలిసెను. తిత్తిని వాకిటికి చేర్చు జన్యువులలోని లోపములు 2003, 2005, 2009 సంవత్సరములలో బయటపడెను. చంపలేని కణము శత్రువును వదలదు. ఇంటర్‌ఫెరాన్ గామాను వెదజల్లుచు సాయమునకై అఱచుచునే యుండును. ఆ కేకకు చెలరేగిన భక్షక కణములు సొంత రక్తకణములనే మ్రింగును. కాపుదల లోపించుటచే మంట చల్లబడుటకు మాఱు పెచ్చరిల్లుచున్నది!

తల్లిదండ్రులిరువురును ఆరోగ్యవంతులే. ఒక్కొక్కరియందు చెడిన ప్రతి ఒక్కటి దాగియుండును. ప్రతి కానుపునను నాలుగింట ఒక వంతు ప్రమాదము. మేనరికములలో ఒకే తాతగారి లోపము రెండువైపులనుండి వచ్చి కలియుట సులభము. మేనరికమును ఎగతాళి చేయువారితో మేము చేరము. పొలము చెదరకుండుట, పిల్ల ఎఱిగిన యింట మెలగుట చిన్న విషయములు కావు. కాని తొలిబిడ్డ తెలియని జ్వరముతో పోయిన యింట మఱుకానుపునకు ముందు జన్యుపరీక్ష చేయించుకొనుట నామోషీ కాదు. లోపము ఏదో తెలిసినచో గర్భస్థశిశువునకును పరీక్ష సాధ్యము.

చికిత్స లేకపోలేదు. డెక్సామెథసోను, ఎటోపోసైడు మంటను అణచును. వ్యాధి మెదడున కెక్కినపుడు సుబ్బారావుగారి మందు వెన్నులో ఎక్కింతురు. ఇంటర్‌ఫెరాన్ గామాను బంధించు ఎమపాలుమాబు అను మందునకు 2018లో అమెరికాలో అనుమతి లభించెను. ఇవన్నియు వ్యవధి నిచ్చునవే. వంశానుగతమైన వ్యాధిని కుదుర్చునది మజ్జ మార్పిడియే. తగ్గని జ్వరముతో ప్లీహము పెరిగిన బిడ్డకు రక్తములో ఫెరిటిను ఎంతయున్నదో చూడుమని వైద్యు నడుగుటకు తల్లిదండ్రులు సంకోచింప నక్కఱలేదు. మజ్జ నిచ్చుటకు తోబుట్టువు ముందుకు వచ్చినపుడు, ఆ తోబుట్టువునందును అదే వ్యాధి పొంచియున్నదేమో మొదట పరీక్షింపవలెను.