వెబ్ హోస్టింగ్ పనికి ఖర్జె హసనా: ఇచ్చే ముందు దాతలు తెలుసుకోవలసినవి

మన సొసైటీ ఖర్జె హసనా నిధి నుంచి ఇన్నాళ్లూ ఇచ్చిన అప్పులన్నీ కంటికి కనబడే పనులకే. కుట్టుమిషను, తోపుడుబండి, వెల్డింగ్ సెట్టు, టీ స్టాలు. దాత ఒకసారి అటుగా వెళ్లి చూస్తే తన సొమ్ము ఎక్కడుందో తెలిసేది. ఇప్పుడు డిగ్రీలు, బీటెక్‌లు పూర్తిచేసిన పిల్లలు వేరే రకం దరఖాస్తులు తెస్తున్నారు. 'వెబ్ హోస్టింగ్ పెట్టుకుంటాం' అంటున్నారు. కమిటీలో కూర్చున్న పెద్దల్లో చాలామందికి అది ఏ సరుకో తెలియదు. అది చెప్పడానికే ఈ నాలుగు పేజీలు.

ముందు ఈ దరఖాస్తులు ఎందుకు వస్తున్నాయో చూద్దాం. మనది బాయి మీద బతికిన ఊరు. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులు ఉండేవారు. ఇప్పుడు ఆ సంఖ్య నలభై వేల దరిదాపుల్లో ఉంది. బొగ్గు తగ్గి కాదు, ఓపెన్‌కాస్టుల్లో యంత్రాలు పెరిగి. నాన్న నౌకరీ ఎలాగూ వస్తుందని పదో తరగతిలోనే పుస్తకం మూసిన పిల్లలను మేము మా తరగతుల్లో చూశాం. వాళ్ల పిల్లలకు ఆ ధీమా లేదు, అందుకే చదివారు. కానీ హైదరాబాద్ వెళ్లి హాస్టల్లో ఉండి నెలల తరబడి ఉద్యోగం వెతుక్కునే స్తోమత అందరికీ ఉండదు. ఆడపిల్లలనైతే చాలా ఇళ్లలో పంపరు కూడా. ఇంటి దగ్గర కూర్చుని చేసుకునే పని అనేసరికి వాళ్ల చూపు ఇటు పడుతోంది.

వెబ్‌సైటు అంటే కొన్ని ఫైళ్లు. రాతలు, ఫోటోలు, జాబితాలు. ఎవరు ఏ వేళలో అడిగినా తీసి చూపించేలా అవి రాత్రింబవళ్లు ఆగకుండా నడిచే ఒక కంప్యూటర్‌లో ఉండాలి. దాన్ని సర్వర్ అంటారు. సర్వర్లు వరసలు వరసలుగా ఉండే భవనం డేటా సెంటర్. ఆ సర్వర్‌లో చోటు అద్దెకివ్వడమే హోస్టింగ్. ఇక డొమైన్ అంటే ఆ చోటికి తగిలించిన పేరు పలక. దాన్ని ఎవరూ శాశ్వతంగా కొనలేరు, ఏడాదికో కొన్నేళ్లకో కౌలుకు తీసుకోవడమే. '.ఇన్'తో ముగిసే పేర్ల వ్యవహారం మన దేశంలో నిక్సీ అనే సంస్థ చూస్తుంది. తెలుగు లిపిలో '.భారత్' అని ముగిసే పేర్లు కూడా ఉన్నాయి, వాడేవాళ్లే తక్కువ.

మన పిల్లలు డేటా సెంటర్ కట్టబోవడం లేదు. లక్ష్మీనగర్‌లో ఒకాయన కాంప్లెక్సు కట్టాడనుకోండి. ఇంకొకాయన అందులో ఒక అంతస్తు మొత్తం కిరాయికి తీసుకుని, మడిగెలుగా విడగొట్టి, చిన్న వ్యాపారులకు తిరిగి కిరాయికి ఇస్తాడు. నీళ్లు రాకపోయినా షట్టర్ పడకపోయినా వాళ్లు ఆయనకే ఫోన్ చేస్తారు. ఈ రెండో ఆయన చేసే పనినే హోస్టింగ్‌లో రీసెల్లర్ అంటారు. పెద్ద కంపెనీ దగ్గర నెలకింత అని చోటు తీసుకుని, దాన్ని స్కూళ్లకు, కోచింగ్ సెంటర్లకు, డయాగ్నస్టిక్ ల్యాబులకు, ఫంక్షన్ హాళ్లకు, ఉమ్రా ట్రావెల్స్ వారికి, సొంత పేరుతో మెయిల్ కావాలనుకునే కాంట్రాక్టర్లకు పంచి ఇవ్వడం.

కాబట్టి దరఖాస్తులో 'సర్వర్ మిషను, ఏసీ, యూపీఎస్, లక్షన్నర' అని రాసి ఉంటే దాతలు అక్కడే ఆగాలి. గోదావరిఖని ఎండ సంగతి, ఇంట్లో ఉదయం తుడిచిన బల్ల మీద సాయంత్రానికి పేరుకునే బొగ్గు దుమ్ము సంగతి మనకు ఒకరు చెప్పనక్కర లేదు. ఇంట్లో పెట్టిన సర్వర్‌కు అవి రెండూ శత్రువులు. పైగా ఇంటి ఇంటర్నెట్ కనెక్షన్ ఒక్కసారి తెగితే గిరాకీల సైట్లన్నీ ఒకేసారి మాయమవుతాయి. ఈ పనికి యంత్రం కొననక్కర లేదు. కావలసింది ఒక మామూలు ల్యాప్‌టాప్, నమ్మకమైన నెట్, ఎప్పుడూ పలికే ఫోను.

ఇప్పుడు డబ్బు లెక్క. ఇవి మేము వేసుకున్న అంచనాలు, ధరలు మారుతుంటాయి. రీసెల్లర్ చోటుకు నెలకు 1,500 చొప్పున ఏడాదికి 18,000. విడిగా మరోచోట నకళ్లు దాచడానికి 6,000. నెట్, ఫోను 12,000. గిరాకీలు ఎందరున్నా ఈ 36,000 ఖర్చు తప్పదు. ఒక్కో గిరాకీ ఏడాదికి 3,000 కడతాడనుకుంటే, అందులో 900 వరకు డొమైన్‌కే పోతుంది, మరో 60 ఆన్‌లైన్ చెల్లింపు రుసుముకు. మిగిలేది 2,040. మొదటి ఏడాది 15 మంది దొరికితే చేతికి 30,600 వస్తుంది. అంటే 5,400 నష్టం. నలభై మంది అయితే 45,600 లాభం, నెలకు 3,800. వంద మంది అయ్యాక, పెద్ద చోటు తీసుకున్నా, నెలకు పన్నెండు పదమూడు వేలు మిగలవచ్చు. ఆ వంద మంది కావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది.

ఇది చూసి నిరుత్సాహపడనక్కర లేదు. ఇది చిట్టీ లాంటిది కాదు, చెట్టు లాంటిది. నిలబడిన గిరాకీ ఏటేటా కడతాడు. ఈలోగా సైట్లు తయారుచేసి పెట్టడం, మెయిళ్లు అమర్చడం, స్కూలు అడ్మిషన్ల ఫారాలు చేయడం ద్వారా ఇల్లు గడుస్తుంది. హోస్టింగ్ ఒక్కటే నమ్ముకుని మొదటి ఏడాదే జీతం తీసుకుంటానని రాసినవారి దరఖాస్తు మాత్రం లెక్క సరిచేసుకుని రమ్మని తిప్పి పంపాలి.

చిన్న మొత్తంతో ఈ పని మొదలవుతుందా అని అడిగేవారికి ఒక ఉదాహరణ. ముంబైకి చెందిన భవిన్, దివ్యాంక్ తురఖియా సోదరులు 1998లో తండ్రి దగ్గర 25,000 రూపాయలు అప్పు తీసుకుని డైరెక్టి అనే సంస్థను మొదలుపెట్టారు. చేసిన పని ఇదే, హోస్టింగ్, డొమైన్లు. తర్వాత వారి బిగ్‌రాక్, రీసెల్లర్‌క్లబ్ వ్యాపారాలను 2014లో అమెరికాకు చెందిన ఎండ్యూరెన్స్ సంస్థ కొనుక్కుంది. మన పిల్లలందరూ అంతవారవుతారని చెప్పడం లేదు. అది వేరే కాలం, దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ వచ్చి (1995 ఆగస్టు 15న) మూడేళ్లే అయింది, పోటీ లేదు. ఇప్పుడు అంతర్జాతీయ కంపెనీలు నెలకు వంద, నూటయాభైకే చోటు ఇస్తామని ప్రకటనలు ఇస్తున్నాయి. తొలి ఏడాది తర్వాత ఆ ధర రెండు మూడింతలవుతుందన్నది చిన్న అక్షరాల్లో ఉంటుంది.

మరి గోదావరిఖని కుర్రాడి దగ్గర ఎవరైనా ఎందుకు కొంటారు? రిజల్టు రోజు పొద్దున స్కూలు సైటు తెరుచుకోకపోతే హెడ్‌మాస్టరు ఇంగ్లిష్‌లో చాటింగ్ చేస్తూ కూర్చోలేడు. తెలుగులోనో ఉర్దూలోనో పలికే మనిషి కావాలి, అవసరమైతే బండి మీద జ్యోతినగర్ దాకా వచ్చే మనిషి కావాలి. వీళ్లు అమ్మేది నిజానికి అదే. ఆ పిల్లవాడు ఫోన్ ఎత్తే మనిషేనా అన్నది మార్కుల మెమో చూస్తే తెలియదు. అతనికి చదువు చెప్పిన టీచర్‌ను, వీధిలో వాళ్లను అడిగితే తెలుస్తుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది అమానత్. గిరాకీ తన ఫైళ్లను ఇతని దగ్గర దాచుకుంటున్నాడు. మేము ఎరిగిన ఒక బడి వెబ్‌సైటు తయారుచేసినాయన డొమైన్‌ను బడి పేరు మీద కాక తన పేరు మీదే నమోదు చేసుకున్నాడు. ఆయన ఊరు మారాడు, ఫోన్ మారింది, గడువు తేదీ దాటింది. పదేళ్లుగా కరపత్రాల మీద, గేటు మీద రాసుకున్న పేరు ఇంకెవరి చేతికో పోయింది. అందుకే మొదటి షరతు: డొమైన్ గిరాకీ పేరు మీదే, గిరాకీ మెయిల్‌తోనే ఉండాలి. వెళ్లిపోతానన్న గిరాకీకి అతని ఫైళ్లు, పేరు అడ్డుచెప్పకుండా అప్పగించాలి.

రెండో షరతు నకళ్లు. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే పెద్ద కంపెనీ డేటా సెంటర్ భవనం ఒకటి కాలిపోయింది. నకలు వేరేచోట పెట్టుకోని వారి ఫైళ్లు తిరిగి రాలేదు. మన పిల్లలు ఏ కంపెనీ దగ్గర చోటు తీసుకున్నా, నకలు మరో కంపెనీ దగ్గర, మరో ఊళ్లో ఉండాలి. నెలకోసారి ఆ నకలు నుంచి ఒక సైటును తిరిగి తెరిచి చూడాలి. తెరిచి చూడని నకలు ఉందనుకోవడానికి వీల్లేదు.

పై కంపెనీ ధర పెంచే ప్రమాదమూ ఉంది. 2019 జూన్‌లో హోస్టింగ్ వాళ్లలో ఎక్కువమంది వాడే సీప్యానెల్ సాఫ్ట్‌వేర్ తన రుసుమును సర్వర్ లెక్కన కాక ఖాతాల లెక్కన మార్చింది. ప్రపంచమంతటా చిన్న హోస్టింగ్ వాళ్ల లెక్కలు తారుమారయ్యాయి. అందుకే అప్పులో కొంత భాగం ఖర్చుపెట్టకుండా పక్కన ఉంచాలి.

ప్రభుత్వ నియమాలు కొన్ని. ఉద్యమ్ నమోదు ఉచితం, దానికి డబ్బు అడిగే దళారులను నమ్మవద్దు. సేవల వ్యాపారానికి ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటేదాకా సాధారణంగా జీఎస్టీ నమోదు అక్కరలేదు. కానీ విదేశీ కంపెనీ దగ్గర చోటు కొంటే లెక్క వేరు, ముందే ఆడిటర్‌ను అడగాలి. సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ దాడి జరిగినట్టు తెలిసిన ఆరు గంటల్లో సమాచారం ఇవ్వాలి, లాగ్‌లను 180 రోజులు దాచాలి. ఎవరికి చోటు ఇస్తున్నామో వారి గుర్తింపు పత్రాలు తీసుకోవాలి.

ఈ చివరి మాట దగ్గరే హలాల్, హరామ్ ప్రశ్న వస్తుంది. కొత్తగా పెట్టినవాళ్లకు అందరికంటే ముందు ఎదురయ్యే పెద్ద బేరం బెట్టింగ్ సైట్ల వాళ్లది. అడిగినంత ఇస్తారు. తెలంగాణలో 2017 నుంచే ఆన్‌లైన్ జూదం చట్టరీత్యా నిషేధం, దీన్‌లో ఎలాగూ నిషేధమే. అధిక వడ్డీ లోన్ యాప్‌ల వాళ్లూ అంతే. ఇక 'అన్‌లిమిటెడ్' అని రాసి అమ్మడం. ఏ సర్వర్‌లోనూ అంతులేని చోటు ఉండదు, లేనిది ఉందని అమ్మడం మన షరీఅత్ వద్దన్న వ్యాపారమే. ఎంత చోటు, ఎన్ని మెయిళ్లు, రెండో ఏడాది ఎంత, అన్నీ రాసి ఇవ్వాలి. వాట్సాప్, ఫేస్‌బుక్ పేజీతో సరిపోయే చిన్న కిరాణా దుకాణానికి సైటు అంటగట్టడమూ మాకు నచ్చదు.

అప్పు ఎలా ఇవ్వాలన్నది మా సూచన. మొత్తం 60,000. ఇందులో 36,000 మొదటి ఏడాది తప్పని ఖర్చు, మిగతాది ల్యాప్‌టాప్ మరమ్మతుకు, ధరలు పెరిగితే ఆదుకోవడానికి. ఒకేసారి కాక మూడు విడతలు. మొదటి విడత తర్వాత ఐదుగురు గిరాకీలు, వారి డొమైన్ కాగితాలు చూపితేనే రెండోది. తిరిగి కట్టడం పదమూడో నెల నుంచి, నెలకు 2,000 చొప్పున ముప్పై నెలలు. అల్ బఖరా సూరా 282వ ఆయత్, ఖురాన్‌లోకెల్లా పొడవైనది, అప్పును రాసుకోవడం గురించే. కాబట్టి సాక్షులతో కాగితం తప్పదు. అదే సూరా 280వ ఆయత్ ఇబ్బందిలో ఉన్నవాడికి గడువు ఇమ్మంటుంది. కాబట్టి వాయిదా తప్పితే జరిమానా ఉండదు. జకాత్ సొమ్ము దీనికి వాడటం లేదు, ఇది ఖర్జె హసనా కోసమే దాతలు విడిగా ఇచ్చిన నిధి.

సొమ్ము కాక దాతల నుంచి మరో రెండు కోరుతున్నాం. హైదరాబాద్‌లో, గల్ఫ్‌లో, అమెరికాలో ఐటీ పనిలో ఉన్న మనవాళ్లు నెలకు ఒక సాయంత్రం ఈ పిల్లలతో ఫోన్‌లో కూర్చుని, నకలు నుంచి సైటు తెరిచే పరీక్ష దగ్గరుండి చేయించాలి. రెండోది, మీ స్కూలుకో, క్లినిక్‌కో, దుకాణానికో ఇప్పటికే సైటు ఉంటే దాని గడువు తేదీ ఒకసారి చూడండి. వచ్చే మూడు నెలల్లో అయితే సొసైటీ కార్యాలయంలో చెప్పండి, ఇద్దరు పిల్లలను పంపిస్తాం. పూర్తి ధర ఇచ్చి చేయించుకోండి, మనవాడే కదా అని తగ్గించమని అడగవద్దు.