ప్రయోగశాలలోని ఉప్పునీరు

“ఉప్పు మన యింటనున్నది, నీరు మన బావిలోనున్నది. ఆ రెంటిని కలిపి సీసాలో పోయుటకు ఇంత శాస్త్రమేల?” అని మా గ్రామపు పెద్ద యొకరు నన్నడిగిరి. ప్రశ్న సహేతుకమైనదే. నాకు తెలిసినంతలో సమాధానము విన్నవించుకొందును.

నెత్తురులోని యెఱ్ఱకణములను వట్టి నీటిలో వేసినచో, అవి నీటిని పీల్చి, ఉబ్బి పగిలిపోవును. ఉప్పు మితిమీరినచో ఊరవేసిన మామిడిముక్కలవలె ముడుచుకొనును. లీటరునకు 9 గ్రాముల ఉప్పుగల ద్రవములో మాత్రము వాని రూపము చెడదు. వైద్యశాలలో మీరు చూచెడి సెలైను ఇదియే.

అయితే రూపము చెడకుండుట వేఱు, జీవవ్యాపారము సాగుట వేఱు. ఈ సంగతి లండను నగరమున సిడ్నీ రింగరు అను వైద్యునకు ఒక పొరపాటువలన తెలిసినది. ఆయన కప్పగుండెను వెలికిదీసి, ఉప్పునీటితో దానిని కొట్టుకొనునట్లు చేసి, ఆ వివరములను 1882లో ప్రకటించెను. ఆ నీరు ఆవిరిపట్టి చల్లార్చిన స్వేదనజలమని ఆయన నమ్మకము. తీరా విచారింపగా అది కొళాయినీరు! నిజమైన స్వేదనజలముతో మరల చేసి చూడగా గుండె త్వరలోనే నీరసించి నిలిచిపోయెను. కొళాయినీటిలో లేశమాత్రముగా నుండిన కాల్షియము, అనగా సున్నమునందలి ధాతువు, అంతవరకు దానిని నడిపినది. తన మొదటి ప్రయోగమున జరిగిన పొరపాటును ఆయనయే 1883లో అచ్చువేయించి లోకమునకు తెలిపెను. కొళాయి త్రిప్పిన ఆ చేయి యెవరిదో గాని, దానికి నమస్కరింపవలయునని నాకు తోచును.

నేడు జీవకణములను గాజుపాత్రలలో పెంచువారు ఉప్పుతోబాటు పొటాసియము, ఫాస్ఫేటు మొదలగు లవణములను తూచి కలుపుదురు. పులుపు హెచ్చుతగ్గులు కాకుండ ఫాస్ఫేటు కాపాడును.

ఇక క్రిముల మాట. మన కణము రెండగుటకు సుమారొక దినము పట్టును; కొన్ని క్రిములకు ఇరువది నిమిషములు చాలును. ఒక్క క్రిమి చొచ్చినను మఱునాటికి పాత్రయంతయు మడ్డియై, నెలలనాటి శ్రమ మట్టిగలిసిపోవును. అందుచేత ఆ ద్రవమును మూసిన పాత్రలో, ఒత్తిడిగల ఆవిరియందు, 121 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమిలో పదునైదు నిమిషములకు తక్కువకాకుండ నుంతురు.

“బావినీటినే అట్లు కాచినచో?” అని ఆ పెద్దలు మరల అడిగిరి. క్రిములు చచ్చును గాని, కొన్నిటి కళేబరములనుండి వెలువడు విషము ఆ వేడికి నశింపదు. నెత్తురులో చేరినచో చలిజ్వరము పుట్టించును. కాబట్టి కాచుటకు ముందే నీరు నిర్మలమై యుండవలెను. మూతదీసిన సీసాలో మిగిలినదానిని మఱునాటికి దాచుటయు లేదు, పాఱబోయుదురు.