కుట్టు చెడితే బట్ట తిరగేసి చూడండి

జాకెట్టు మీద కంప్యూటర్ ఎంబ్రాయిడరీ చేయించుకోని వాళ్లు మన క్లాసులో తక్కువే. మా అమ్మ ఆ పనే చేస్తుంది, ఇంట్లో ఒక మిషన్ ఉంది. అమ్మది కన్నడ, నాన్నది తెలుగు. బట్ట ముడుచుకుపోతే అమ్మ ‘సుక్కు’ అంటుంది, నేను ‘ముడత’ అంటాను. ఏ భాషలో అన్నా నష్టం ఒకటే.

ఎందుకంటే ఆ బట్ట మనది కాదు. పట్టుచీరతో వచ్చిన జాకెట్టు ముక్క మీద కుట్టు చెడితే దారం విప్పేయొచ్చు గానీ, సూది గుచ్చిన రంధ్రాలు పోవు. అలాంటి ముక్క విడిగా అంగడిలో దొరకదు. కూలీ పోతుంది, పైగా మాట పడాలి.

కుట్టు సరిగా రాకపోతే చాలామంది మొదట టెన్షన్ తిప్పేస్తారు. నిజానికి దాన్ని ఆఖరున ముట్టుకోవాలి. ముందు మిషన్ ఆపి బట్ట వెనకవైపు చూడాలి. నిండుగా వచ్చే శాటిన్ కుట్టు వెనక మూడు చారలు కనిపించాలి: నడుమ ఒక వంతు తెల్లటి బాబిన్ దారం, రెండు పక్కలా పైదారం రంగు. వెనకంతా రంగే ఉంటే పైదారం వదులుగా ఉన్నట్టు. బాబిన్ తెలుపు పైకి కనిపిస్తే పైదారం బిగుసుకున్నట్టు, లేదా బాబిన్ వదులైనట్టు.

అడుగున దారం పిచ్చుక గూడులా పోగుపడితే అందరూ బాబిన్‌ని తిడతారు. కానీ ఎక్కువసార్లు తప్పు పైదారానిదే. అది టెన్షన్ ప్లేట్ల మధ్య కూర్చోలేదన్నమాట. ఇంట్లో వాడే మిషన్లలో పాదం దించి ఉంటే ఆ ప్లేట్లు మూసుకుని ఉంటాయి, దారం లోపలికి పోదు. పాదం ఎత్తి, దారం మొదటినుంచీ మళ్లీ ఎక్కించాలి.

దారం పీచులేచి మాటిమాటికీ తెగుతుంటే సూది మార్చండి. మొన మొద్దుబారినా కంటికి కనబడదు. మామూలు బట్టకి 75/11 సూది చాలు. మన బళ్లారి జీన్స్ గుడ్డకి 90/14 కావాలి. జరీ దారానికి కన్ను పెద్దగా ఉన్న సూది వేసి, స్పీడు తగ్గించాలి.

ముడతలు వచ్చాయంటే ఫ్రేము దగ్గర చూడాలి. బట్ట బిగువుగా ఉండాలి, సాగకూడదు. సాగదీసి బిగిస్తే, ఫ్రేము విప్పగానే బట్ట వెనక్కి వస్తుంది, కుట్టు రాదు. అందుకే చుట్టూ ముడత. అడుగున వేసే నాన్‌వోవెన్ కాగితం కూడా బట్టతో కలిపి ఫ్రేములో పట్టాలి.

కొన్నిసార్లు మిషన్ బాగానే ఉంటుంది, తప్పు డిజైన్‌లో ఉంటుంది. మెడకి వేసిన పెద్ద డిజైన్‌ని చేతికి సగానికి కుదిస్తే, కుట్ల లెక్క తగ్గకపోతే, 0.4 మిల్లీమీటర్ల ఎడం 0.2 అవుతుంది. సూది ఒకేచోట పొడిచి పొడిచి దారం తెగుతుంది, పల్చటి బట్ట చిరిగినా చిరుగుతుంది. కుదించాక కుట్ల లెక్క కూడా తగ్గిందా అని చూసుకోవాలి.

వరస ఇది: దారం మళ్లీ ఎక్కించడం, సూది మార్చడం, బాబిన్ కేస్‌లో పీచు దులపడం, ఫ్రేము చూడడం, అప్పటికీ కుదరకపోతేనే టెన్షన్. ఒకసారికి ఒక్కటే మార్చాలి. రెండు కలిపి మారిస్తే దేనివల్ల బాగైందో తెలీదు. మార్చిన ప్రతిసారీ అదే రకం పీలిక మీద కుట్టి చూడాలి.

ఇదంతా చేయడానికి టైము కావాలి. పెళ్లి రేపనగా జాకెట్టు తెచ్చిస్తే, పీలిక మీద చూసే తీరిక ఎవరికీ ఉండదు, సూది నేరుగా మీ పట్టు మీదే దిగుతుంది. వారం ముందే ఇవ్వండి. అంచున మిగిలే బట్ట మీద ఒక పువ్వు కుట్టి చూపమనండి. ఆ పువ్వుని తిరగేసి, మూడు చారలూ ఉన్నాయో లేదో చూడండి.