మారుపేరు వెనుక మనిషి ఎవరు?

బసంత్‌నగర్ దాటి రామగుండం, గోదావరిఖని వైపు వెళ్తే, కార్మిక వాడల్లో ‘విజిలెన్స్‌లో పెండింగ్’ అన్న మాటకు అర్థం చెప్పనక్కర్లేదు. దశాబ్దాల కిందట కొందరు వేరేవాళ్ల పేర్లతో సింగరేణి బొగ్గు బాయిలో చేరారు. కంపెనీ రికార్డులో ఒక పేరు, ఊళ్లో రేషన్ కార్డులో మరో పేరు. అలాంటి కార్మికుడు మెడికల్ అన్‌ఫిట్ అయి, కొడుకు కారుణ్య నియామకానికి దరఖాస్తు పెట్టుకున్నప్పుడు ఈ తేడా బయటపడుతుంది. కంపెనీ విజిలెన్స్ విచారణ మొదలవుతుంది.

అక్కడ తేలాల్సినవి రెండు సంగతులు. ఇన్నేళ్లు బాయిలో దిగింది ఈ మనిషేనా? ఈ యువకుడు ఆయన కొడుకేనా? రెండింటినీ కలిపేసి ‘వివరాలు సరిపోలడం లేదు’ అని ఒక్క ముక్క రాస్తే పైఅధికారికి ఏమీ తెలియదు. ఏ కాగితంలో ఏ పేరుంది, అది ఏ తేదీది, సర్వీసు రికార్డులోని ఫొటో, పుట్టుమచ్చలు సరిపోయాయా అన్నది విడివిడిగా రాయాలి. ఊళ్లో ఒకరు ‘ఈయనే ఆయన’ అంటే, ఆ సంగతి వారికెలా తెలుసో కూడా అడిగి రాయాలి. ఒకే షిఫ్టులో పనిచేసినాయన మాటకూ, ఎవరో చెప్పగా విన్నాయన మాటకూ చాలా తేడా ఉంది.

ఉద్యోగాల కోసం జరిగే పోలీసు వెరిఫికేషన్‌లోనూ ఇదే చిక్కు: నివేదికలో ఏం రాశారన్నదే మనిషి ఉద్యోగాన్ని తేలుస్తుంది. మధ్యప్రదేశ్‌లో ఒక ఉపాధ్యాయుణ్ని, ఆర్ఎస్ఎస్, జనసంఘ్ కార్యకలాపాల్లో పాల్గొన్నాడన్న పోలీసు నివేదిక ఆధారంగా 1974లో ఉద్యోగం నుంచి తీసేశారు. 1983లో సుప్రీంకోర్టు ప్రభుత్వ వాదనను తోసిపుచ్చింది. తీర్పు రాసింది తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. గత రాజకీయాల మీద పోలీసు నివేదిక తెప్పించుకుని ఉద్యోగం తీసేయడం రాజ్యాంగానికే విరుద్ధమన్నది తీర్పు సారం. సింగరేణి కార్మిక సమాఖ్య (సికాస) కాలాన్నీ, తెలంగాణ ఉద్యమంలో విద్యార్థులపై పడ్డ కేసులనూ చూసిన ఈ బొగ్గు ప్రాంతానికి ఆ తీర్పు చాలా దగ్గరిది.

2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు మరింత స్పష్టత ఇచ్చింది. అభ్యర్థి కేసు దాచాడని తేలినా, అది ఎలాంటి కేసు, ఎలా ముగిసింది, వెరిఫికేషన్ ఫారంలో ఆ ప్రశ్న స్పష్టంగా అడిగారా అన్నవి యాజమాన్యం చూడాలంది. నివేదికలో అవి లేకపోతే యాజమాన్యం దేన్ని చూస్తుంది?

‘నడవడిక సరిగా లేదు’ అన్న వాక్యం అందుకే పనికిరాదు. ఏ స్టేషన్, ఏ సంవత్సరం, ఏ సెక్షన్, కేసు విచారణలో ఉందా, లోక్ అదాలత్‌లో రాజీ అయిందా, కోర్టు కొట్టేసిందా అన్నది రాసి, తీర్పు నకలు జతచేయాలి. ఒకే పేరున్నవాళ్లు ఇద్దరుంటే తండ్రి పేరు, పుట్టినతేదీ పోల్చి చూడాలి. చివరగా అభ్యర్థినే పిలిచి, ఆయనిచ్చిన వివరణను ఆయన మాటల్లోనే నమోదు చేసి, సంతకం తీసుకోవాలి.